పేరంటాలు ఎన్ని కిలోలు?

చుక్కలలంక మందులకొట్టు, రోజువారీ పుస్తకం. రాస్తున్నది కాంపౌండరు నూకరత్నం.

రోజు 1

పిల్లల ఊగుడు కుర్చీ విరిగింది. విరగ్గొట్టింది ప్రెసిడెంటుగారు. ఆ ముక్క పుస్తకంలో రాయొద్దని ఆయన రెండుసార్లు కబురు పంపారు. అందుకే ముందు అదే రాశాను.

ఆకాశంలో చుక్కల మధ్య తేలే మా లంకలో ఏదీ కింద పడదు, కాబట్టి ఏదీ తూగదు. కాటా తెచ్చి దానిమీద ఏనుగుని నిలబెట్టినా సున్నాయే చూపిస్తుంది. అందుకని పిల్లల్ని స్ప్రింగుల కుర్చీలో కట్టి ఊపుతాం. బొద్దుగా ఉన్న పిల్ల మెల్లిగా ఊగుతుంది, బక్కపిల్ల గబగబా ఊగుతుంది. ఆ ఊపుని బట్టి బరువు తెలుస్తుంది, బరువుని బట్టి మందు. ముప్ఫై కిలోల లోపు పిల్లల కోసం చేసిన కుర్చీ అది. ప్రెసిడెంటుగారు నెల రోజులుగా పులిహోర మానేశారట, పొట్ట ఎంత తగ్గిందో చూసుకుందామని అందులో ఇరుక్కుని కూర్చున్నారు. ఒక్క ఊపుకి స్ప్రింగు తెగి కుర్చీ ఈ గోడకి, ఆయన ఆ గోడకి వెళ్ళి తగిలారు. ఆయనకేమీ కాలేదు.

కొత్త స్ప్రింగు సరుకుల ఓడలో రావాలి. ఓడకింకా డెబ్బై రోజులుంది. ఏం చేద్దామని మోతాదు పెట్టెని అడిగాను. మందు కలిపి గొట్టాల్లో నింపే యంత్రం అది. ఊళ్ళో అందరూ పెట్టెగారు అంటారు, ఎదురుపడితే దండం కూడా పెడతారు.

"అంతవరకు ఇంటివారు చెప్పిన బరువునే తీసుకుందాము," అంది పెట్టెగారు. "బిడ్డ బరువు ఎత్తుకుని తిరిగేవారికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

బాగానే ఉందనిపించింది. సరే అన్నాను.

రోజు 2

సరే అనకుండా ఉండాల్సింది.

మా ముత్తాతలు గోదావరి లంకల్లోంచి ఇక్కడికి వచ్చేటప్పుడు మనిషికి ఇరవై కిలోల సామానే తెచ్చుకోనిచ్చారట. దిష్టికి బరువు లేదు కదా, దాన్ని మొత్తం తెచ్చేసుకున్నారు. పిల్లల బరువు పైకి చెప్పకూడదు, రాసి ఉంచకూడదు అని పంచాయతీ తీర్మానమే ఉంది. అందుకని కుర్చీ బరువుని పెట్టెగారికి మాత్రమే చెప్పేది. పెట్టెగారు మందు కలిపి, ఆ అంకెని వెంటనే మర్చిపోయేది. ఎన్ని బొట్లు కలిపిందో గొట్టం మీద వేయదు, బొట్లు తెలిస్తే బరువు తెలిసిపోతుందని.

ఇప్పుడు కుర్చీ లేదు కాబట్టి ఇలా చేస్తున్నాం. గుమ్మం దగ్గర మా ఆయా అచ్చియ్యమ్మ కాలికి తాడు కట్టుకుని కూర్చుంటుంది. పిల్ల తాలూకు మనిషి ఆవిడ చెవిలో బరువు చెబుతుంది. ఆవిడ దాన్ని పూతరేకు మీద బెల్లంపాకంతో రాసి నాకు తెచ్చి చూపిస్తుంది. నేను ఆ అంకెని పెట్టెగారి మీద నొక్కుతాను. నొక్కగానే అచ్చియ్యమ్మ పూతరేకు తినేస్తుంది. జ్వరాల కాలం అయ్యేసరికి ఆవిడ గుమ్మంలో పడుతుందో లేదో చూడాలి.

ఈరోజు ఒక పిల్లాణ్ణి గుమ్మంలోంచి లోపలికి నెట్టడానికి ఇద్దరు కావలసి వచ్చింది. రేకు మీద చూస్తే తొమ్మిది కిలోలు.

"ఏంటి అచ్చియ్యమ్మా ఇది?" అన్నాను.

"ఆళ్ళమ్మ చెప్పిందేనండి. తిండి తినడం లేదంట, చిక్కి సగమైపోయాడంట."

"మిగతా సగం ఎక్కడుంది మరి?"

"నాకేం తెల్సండి," అని రేకు నోట్లో వేసుకుంది.

రోజు 5

ఊళ్ళో సుడిజ్వరాలు పట్టుకున్నాయి. ఏటా ఈ రోజుల్లో వచ్చేవే. దానికి మందు సెగమందు. కిలోకి రెండు బొట్లు, రోజుకి మూడుసార్లు. ఒకటిన్నర బొట్టుకి తగ్గితే జ్వరం దిగదు. మూడు బొట్లు దాటితే పిల్ల మత్తుగా పడిపోతుంది, అలాగే పోస్తూ ఉంటే కాలేయం పోతుంది. మధ్యలో ఉన్న సందు అంతే.

మూడు రోజులుగా ఏ పిల్లకీ జ్వరం దిగడం లేదు. ఎందుకు దిగుతుంది, పదిహేను కిలోల పిల్లకి పది కిలోల మందు పోస్తే? కాబట్టి ఒక నిర్ణయం తీసుకున్నాను. రేకు మీద ఎంత ఉంటే దానికి పావు వంతు కలిపి నొక్కుతాను. ఎవరికీ చెప్పను. చెబితే తల్లులు ఇంకో పావు తగ్గించి చెబుతారు. ఈ ఊరితో వేగిన మనిషిని, ఆ మాత్రం తెలుసు.

సాయంత్రం ఒక గొట్టం మూత ఊడి మందు ఉండలు ఉండలుగా గదంతా తేలింది. స్ట్రా పట్టుకుని గంటసేపు వాటి వెంట పడ్డాను. ఒకటి ఇంకా దొరకలేదు.

రోజు 6

దిగాయి. రాత్రికి రాత్రి ఏడుగురు పిల్లలకి జ్వరం దిగింది. నన్ను నేను మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకునేలా లేరు కాబట్టి.

మధ్యాహ్నం పల్లాలమ్మగారు మనవరాల్ని చంకనేసుకుని వచ్చారు. పిల్ల పేరు పేరంటాలు, నాలుగేళ్ళు. అమ్మా నాన్నా గనుల పడవ మీద ఉన్నారు, నెలాఖరుకి గాని రారు. ఈ పిల్లంటే నాకు భయం. జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. పోయినేడు ఇదే బల్ల మీద వచ్చాయి. ఆ అయిదు నిమిషాలు నేను ఎన్ని దేవుళ్ళకి మొక్కానో, అవన్నీ తీర్చాలంటే నాకింకో జన్మ కావాలి. కాబట్టి దీనికి మందు తక్కువ కాకూడదు, ఎక్కువా కాకూడదు.

రేకు మీద పదిహేను ఉంది. పావు వంతు కలిపి పందొమ్మిది నొక్కాను. మూడు రోజులకి తొమ్మిది గొట్టాలిచ్చి, పూటకొకటి పూర్తిగా పోయమన్నాను.

"అలాగేనమ్మా," అన్నారు పల్లాలమ్మగారు. ఆవిడ అలాగే అన్నారంటే చెయ్యరని అర్థం. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

రోజు 8

రాత్రి మందు వేళ దాటాక, చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. పేరంటాలు గోడమంచంలో నడుముకి పట్టీ కట్టించుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని ఉంది. ఒళ్ళు కాలుతోంది. గొట్టాలు లెక్కపెట్టాను. ఎనిమిది ఖాళీ అవ్వాలి. అయిదే అయ్యాయి.

"పిన్నిగారూ, ఇదేంటి?"

"మొదట రెండు గొట్టాలూ నిండా పోసేనమ్మా. పిల్ల మత్తుగా పడిపోయింది, లేపితే లేవలేదు. బెంగెట్టుకుని, ఆ మర్నాటి నించీ సగం సగం పోత్తున్నాను. మందు వేడి చేసేత్తది కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మందు కలిపేది నేనా, మీరా అన్నాను. ఫిట్స్ వస్తే మీ వేడి, చలవ వచ్చి ఆపుతాయా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాయను. నిండు గొట్టం పోస్తానని సత్తెమ్మతల్లి మీద ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. కన్నీళ్ళు కూడా ఇక్కడ కింద పడవు కదా, కంటికే అంటుకుని ఉబ్బుతాయి. చూడలేక వచ్చేశాను.

రోజు 9

ఈ రోజు సంగతి వరసగా రాయాలి. పైవాళ్ళు చదివితే చదవనీ.

ఉదయం పదిన్నరకి పల్లాలమ్మగారు పరుగున వచ్చారు. మా దగ్గర పరుగంటే గోడల్ని తన్నుకుంటూ రావడం. చంకలో పేరంటాలు తల వాల్చేసి ఉంది. పిలిస్తే ఊ అంటోంది, కళ్ళు తెరవడం లేదు. జ్వరం మాత్రం దిగింది.

"ఒట్టు తీసి గట్టున పెట్టలేక ఆరింటికి నిండు గొట్టం పోసేనమ్మా," అన్నారావిడ. "పన్నెండు కిలోల పిల్లకి అంత మందేంటమ్మా?"

"పన్నెండేంటి పిన్నిగారూ? రేకు మీద పదిహేను ఉంది."

"నేను చెప్పింది పన్నెండే."

ఇద్దరం అచ్చియ్యమ్మ వంక చూశాం. ఆవిడ అప్పుడే ఎవరిదో రేకు నములుతోంది. నమలడం ఆపేసింది.

"తల్లులు తగ్గించి చెప్తన్నారు కదాండి," అంది మెల్లిగా. "పిల్లలకి జొరం దిగట్లేదని, కుర్చీ ఇరిగిన అయిదో రోజు నించీ నేనే తలో మూడు కిలోలు ఏసి రాత్తున్నానండి. మీకు చెప్తే తిడతారని చెప్పలేదు."

"అయిదో రోజు నుంచా?" అన్నాను. "నేను పావు వంతు కలుపుతున్నదీ ఆ రోజు నుంచే."

"మీరూ కలుపుతున్నారాండి?"

"క్షమించాలి," అంది వెనకనుంచి పెట్టెగారు.

ఆ మాట విని గిరుక్కున వెనక్కి తిరిగాను. ఆ యంత్రం పదకొండేళ్ళలో ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

"ఈ ఊరివారు బరువు తగ్గించి చెబుతారని గ్రహించి, అయిదవ రోజు నుండి నేను కూడా పావు వంతు కలుపుతున్నాను. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు."

అంటే పల్లాలమ్మగారు పన్నెండు అన్నారు. అచ్చియ్యమ్మ పదిహేను రాసింది. నేను పందొమ్మిది నొక్కాను. పెట్టెగారు ఇరవై నాలుగు అనుకుంది. గొట్టంలో నలభై ఎనిమిది బొట్లు. ఊరందరిలోకీ సరైన మోతాదుకి దగ్గరగా పోసింది పల్లాలమ్మగారొక్కరే, ఆవిణ్ణి నేను తిట్టి మరీ మాన్పించాను. నా నోరు పడిపోను.

"పిల్లకి ప్రమాదమా?" అని అడిగాను.

"పదహారు కిలోలైతే నలభై ఎనిమిది అంచు మీద ఉంది. పద్నాలుగైతే అంచు దాటింది," అంది పెట్టెగారు. "రెండు విధాలా తరువాతి మోతాదు మధ్యాహ్నం పన్నెండుకు వద్దు, రెండుకు ఇవ్వాలి. అసలు మానకూడదు. మానితే జ్వరం తిరిగి ఎక్కుతుంది. ఈమెకు ఫిట్స్ ఉన్నాయి. కాబట్టి రెండింటిలోగా నాకు నిజమైన బరువు కావాలి. అబద్ధానికి ఎంత కలపాలో నాకు ఇక తెలియడం లేదు."

అప్పటికి పదకొండు. కుర్చీ లేదు. పాత బరువేదైనా గుర్తుందా అంటే, తీర్మానం ప్రకారం మర్చిపోయానంది.

కూర్చుని ఏడ్చే టైము లేదు. కుర్చీ లేకపోతే ఊపు ఉండదా ఏంటి అనిపించింది. సామాను కట్టే రబ్బరు తాళ్ళు రెండు తీసి ఎదురెదురు గోడలకి ఒక్కోటి కట్టాను. అచ్చియ్యమ్మ పాత చీర తెచ్చి వాటి మధ్య ఉయ్యాలలా ముడేసింది. పిల్లని అందులో పెట్టి లాగి వదిలితే నిమిషానికి ఎన్ని ఊపులు ఊగుతుందో చూడాలి. తర్వాత పిల్లకి బదులు బియ్యం పొట్లాలు పెట్టాలి, ఒక్కోటి రెండు కిలోలు. ఎన్ని పొట్లాలకి ఊపు సమానమైతే పిల్ల అంత బరువు. ఇంత చిన్న సంగతి ఎనిమిది రోజుల క్రితం ఎందుకు తోచలేదో నన్ను అడగొద్దు.

పల్లాలమ్మగారు పిల్లని ఇవ్వలేదు.

"వొద్దమ్మా. అందరి ముందూ బరువు తేల్చొద్దు."

"పిన్నిగారూ, దిష్టి సంగతి రేపు చూసుకుందాం."

"నీకు తెలీదమ్మా." ఆవిడ పిల్లని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "మా పెద్దోడికి అయిదేళ్ళప్పుడు, అప్పటికి తీర్మానాలూ అయ్యీ లేవు. కుర్చీలో ఊపితే ఇరవై రెండొచ్చింది. నేను మురిసిపోయి మన లంక ఈ చివర్నించి ఆ చివరికి, కనపడ్డోళ్ళందరికీ చెప్పుకొచ్చేను. పదో రోజుకి జొరమొచ్చింది. ఉండలేదమ్మా. ఆ తర్వాతే ఊరంతా కూడి తీర్మానం చేసేరు."

అచ్చియ్యమ్మ తల దించుకుంది. ఈ సంగతి నాకు తెలియదు. యాభై ఏళ్ళుగా ఊరు ఊరంతా పాటిస్తున్న తీర్మానం ఈవిడ కొడుకు కోసమని నాకెవరూ చెప్పలేదు. నిన్న ఈవిణ్ణి తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఆ రోజుల్లో సెగమందే లేదు పిన్నిగారూ," అన్నాను.

"మందు లేక పోయాడో, నా మాట వల్ల పోయాడో నాకు తెలీదు. మాటైతే నాదే."

"ఇప్పుడు మందుంది. ఎంత పోయాలో చెప్పే మాటే లేదు. నేనబద్ధమాడాను, ఇదిగో ఈ అచ్చియ్యమ్మ ఆడింది, ఆ పెట్టె కూడా ఆడింది. పిల్ల మంచికే ఆడాం, పిల్ల మీదకే తెచ్చాం. నాకు భయంగా ఉంది పిన్నిగారూ. పిల్లని ఇవ్వండి."

ఆవిడ ఒకసారి పిల్ల ముఖం చూసుకున్నారు. తర్వాత పేరంటాలుని తనే చీరలో పడుకోబెట్టి, తనే ముడి సరిచేశారు.

లాగి వదిలాం. అచ్చియ్యమ్మ గడియారం చూసింది. ఊపులు పల్లాలమ్మగారే లెక్కపెట్టారు, ఇంకెవరినీ లెక్కపెట్టనివ్వలేదు. నిమిషానికి ఇరవై రెండు. పిల్లని తీసి ఆరు పొట్లాలు పెట్టాం. ఇరవై అయిదు. ఏడు పెడితే ఇరవై మూడు దాటింది. ఎనిమిదో పొట్లం పెట్టే ముందు అచ్చియ్యమ్మ చేతిలోంచి అది జారి, గోడకి తగిలి మూతి చిరిగి బియ్యం గదంతా పరుచుకుంది. ఇంకోటి తెచ్చాం. ఎనిమిదికి సరిగ్గా ఇరవై రెండు. అనుమానం తీరక ఇంకో రెండుసార్లు ఊపాం. ఇరవై రెండు, ఇరవై రెండు.

"బరువు నొక్కండి," అంది పెట్టెగారు. "దీనికి నేనేమైనా కలపాలా, వద్దా? అది కూడా చెప్పండి."

నేను మీట మీద వేలు పెట్టాను. పల్లాలమ్మగారు నా చెయ్యి పక్కకి తీసేశారు.

"పదహారు," అన్నారు పైకి, గుమ్మం బయట నిలబడ్డవాళ్ళకి కూడా వినబడేలా. "మా పేరంటాలు పదహారు కిలోలు. నేను చెప్తన్నాను. ఒక్క బొట్టు ఎక్కువొద్దు, ఒక్క బొట్టు తక్కువొద్దు."

"ముప్ఫై రెండు బొట్లు," అంది పెట్టెగారు. అది కూడా పైకే అంది.

అన్నంత సేపు పట్టలేదు, ఆవిడకి భయం మళ్ళీ పుట్టుకొచ్చింది. దిష్టి తీయాల్సిందే అన్నారు. తీయండి అన్నాను, ఇప్పుడు నేనేదీ కాదనే స్థితిలో లేను. ఉప్పు, మిరపకాయలు పిల్ల చుట్టూ తిప్పి వదిలారు. గాలిపంకా సుడికి చిక్కి, తిప్పినవి తిప్పినట్టే పిల్ల చుట్టూ తిరుగుతూ ఉండిపోయాయి. మూడుసార్లు అనుకున్నది ముప్ఫైసార్లయింది. బియ్యం, ఉప్పు, మిరపగింజలు అన్నీ కలిసి అందరి ముక్కుల్లోకీ వెళ్ళి, రెండింటిదాకా తుమ్ముతూనే ఉన్నాం. పెట్టెగారికి ముక్కు లేదు కాబట్టి బతికిపోయింది.

రెండింటికి ముప్ఫై రెండు బొట్లు పోశాం. అప్పటికి ఒళ్ళు మళ్ళీ వెచ్చబడుతోంది. నాలుగింటికి చెమట పట్టింది. అయిదింటికి పేరంటాలు కళ్ళు తెరిచి, గాల్లో తిరుగుతున్న మిరపకాయని చూసి నవ్వింది. పల్లాలమ్మగారు పిల్లని పట్టుకుని ఏడ్చారు. నేను మందుల బీరువా వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

మిగతా పిల్లలందర్నీ రాత్రిలోగా పిలిపించి ఊపి, కొత్త గొట్టాలిచ్చాను. అచ్చియ్యమ్మ, నేను, పెట్టెగారు ముగ్గురం ఇకమీదట ఏదీ కలపమని ఒకరికొకరు మాటిచ్చుకున్నాం.

రోజు 12

పేరంటాలుకి జ్వరం పూర్తిగా పోయింది. పోయిన దగ్గర్నుంచీ ఊరంతా ఎగురుతూ, కనపడ్డవాళ్ళందరికీ "నేను పదహారు, నువ్వెంత?" అని అడుగుతోంది. దాంతో జ్వరం లేని పిల్లలు కూడా చీర ఉయ్యాలకి వరస కట్టారు. మొన్న పిల్లల్ని ఊపుతుంటే దిష్టి భయంతో ముఖాలు తిప్పుకున్న అమ్మలు, మామ్మలు ఈరోజు మెడలు చాపి ఊపులు లెక్కపెడుతున్నారు. రబ్బరు తాళ్ళు సాగిపోతాయేమోనని రెండు పూటలా బియ్యం పొట్లాలతో సరిచూస్తున్నాను.

పదకొండింటికి పల్లాలమ్మగారు ముఖం ధుమధుమలాడించుకుంటూ వచ్చారు, పేరంటాలుని చేత్తో పట్టుకుని.

"పక్కింటి గవర్రాజు మనవడు పదిహేడంట. నిజమేనా?"

"నిజమే పిన్నిగారూ."

"ఆ సన్నపీనుగా? మళ్ళీ ఊపండి."

"రెండుసార్లు ఊపాను."

"మరైతే మా పిల్లని ఊపండి. మొన్న జొరంలో చిక్కిపోయింది కదా, లేపోతే పద్దెనిమిది ఉండేది. పద్దెనిమిదని రాసుకో అమ్మా."

"పదహారు పిన్నిగారూ."

"పోనీ పదిహేడు."

ఆవిడకి జవాబు చెప్పే పని నాకు లేకపోయింది. పేరంటాలు మామ్మ చెయ్యి విడిపించుకుని, ఉయ్యాల పైకెక్కి కూర్చుని, వరసలో ఉన్న అందరికీ వినబడేలా అంది: "పదహారే మామ్మా. నువ్వే చెప్పావు కదా."